లెక్కలోకి రాని నెల

మదనపల్లెలో మా దర్జీ అంగడికి వచ్చినవాళ్లలో చెప్పిన రోజుకు బట్టలు తీసుకుపోయినవాళ్లను నేనింతవరకు చూడలేదు. "రేపు రాప్పా" అనడం మా వృత్తిలో ఉన్నదే. ఆ సంగతి గిరాకీలకూ తెలుసు. గురువారానికి చొక్కా కావలసినవాడు సోమవారానికే కావాలంటాడు, మేము బుధవారం ఇస్తాం, అతను ఒకరోజు ముందే దొరికిందని సంతోషంగా పోతాడు. ఇందులో ఎవరికీ నష్టం లేదు. నాకు కోపమల్లా అంగట్లో చెల్లే ఈ మాటను ఇంటిదాకా మోసుకుపోయేవాళ్ల మీద. అలాంటి మహానుభావుడొకడు పన్నెండేళ్లు నా పక్క మిషను మీదే కూర్చున్నాడు. పేరు ముద్దుకృష్ణ.

చేతిపనిలో వాడికి వంక పెట్టలేం. కాలరు కుట్టాడంటే కచేరీ గుమాస్తాలు కూడా వేలితో తడిమి చూసుకునేవాళ్లు. మాట దగ్గరికి వచ్చేసరికే వాడికి కాళ్లూ చేతులూ చల్లబడతాయి. ఒకసారి నాతో ఏదో చెప్పాలని మూడు వారాల పాటు నోరు తెరవడం, మూయడం. అంగడి వదిలిపెట్టి పోతాడేమోనని నాకు నిద్ర పట్టలేదు. చివరికి వాడు చెప్పిందేమిటంటే, నా మిషనుకు నూనె వేయాలట, ఆ చప్పుడుకు తలనొప్పి వస్తోందట. ఆ రోజు వాణ్ని కత్తెరతో పొడవకపోవడం నా మంచితనం.

వాడి భార్య సుభద్రమ్మది కుప్పం. యుద్ధం జరుగుతున్న రోజుల్లో తొలికాన్పుకు పుట్టింటికి పోయి, కార్తీకమాసంలో ఆడబిడ్డను కన్నది. ఇరవై ఒకటోనాడు పేరు పెడతామని కార్డు వచ్చింది. వాళ్ల ఇండ్లలో తండ్రి బిడ్డ చెవిలో మూడుసార్లు పేరు చెప్పాలి. పేరు కోసం వెతుకులాట కూడా లేదు. వాడి చనిపోయిన తల్లి గంగులమ్మ పేరే పెట్టాలని ముందే అనుకున్నారు. ఇక వాడు చేయవలసిందల్లా కుప్పం పోవడం, వంగడం, చెప్పడం.

పోయాడు. అది ఒప్పుకోవాలి. ఆ రోజు పొద్దున్నే కొత్త పంచె కట్టుకుని, వానలో తడుస్తూ బస్సెక్కాడు. పెట్రోలు దొరక్క బస్సులన్నీ బొగ్గుతో నడుస్తున్న కాలం. వెనకవైపు పొయ్యిలాంటి దాంట్లో బొగ్గు రాజేసి, క్లీనరు గాలి విసిరే చక్రాన్ని గిర్రున తిప్పుతూ ఉంటే, అరగంటకో ముప్పావుగంటకో బస్సుకు ప్రాణం వచ్చేది. ఆ రోజు వానకు బొగ్గంతా తడిసి, పుంగనూరు పొలిమేరలో బస్సు నిలిచిపోయింది. క్లీనరు చేతులు పడిపోయేదాకా తిప్పాడు. అది కదిలేసరికి మధ్యాహ్నం దాటింది.

పుంగనూరులో ముద్దుకృష్ణ అక్క పాపక్క ఉంది. తల్లి పోయాక వాడి మంచిచెడ్డలు చూసింది ఆమే. తడిసి ముద్దయి వచ్చిన తమ్ముణ్ని చూసి ఆమె గుండె కరిగిపోయింది. "ఇంత వానలో యాడికి పోతావురా? ఇంత తిని పండుకో. రేపు పోదువులే" అన్నది. వాడికి అంతకన్నా కావలసిందేముంది? తిన్నాడు, పడుకున్నాడు. తెల్లారి లేచేసరికి పోవలసిన వేళ ఎటూ దాటిపోయింది కదా, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పోవాలని కుప్పం బస్సు కాక మదనపల్లె బస్సు ఎక్కాడు.

కుప్పంలో నలభైమంది చుట్టాలు దీపాలు పెట్టేదాకా వీధివైపు చూస్తూ కూర్చున్నారని మాకు తర్వాత తెలిసింది. అత్తగారు కాంతమ్మ అందరికీ అన్నాలు పెట్టి పంపించేసింది. చెవిలో పేరు మేనమామ చెప్పినా చెల్లుతుందని ఎవరో అన్నారట. సుభద్రమ్మ ఒప్పుకోలేదు. తండ్రి వచ్చినప్పుడే పేరు, అంతవరకు బిడ్డను పాప అనే పిలవమని చెప్పింది.

మరుసటి వారమైనా పొమ్మని నేను చెప్పాను. నా భార్య ఆబిదా మరీ గట్టిగా చెప్పింది. ముద్దుకృష్ణ మాత్రం తల వంచుకుని గుండీలు కుట్టాడు. మొదటి నెలలో పోకపోవడానికి వాన కారణం. రెండో నెలలో పోకపోవడానికి మొదటి నెలలో పోకపోవడమే కారణం.

అక్కడి నుంచి వాడికో గొప్ప ఆసరా దొరికింది. వాళ్లలో బాలింతను, బిడ్డను బేసి నెలలోనే అత్తగారింటికి తీసుకురావాలి. మూడో నెల కాకపోతే ఐదు, లేకపోతే ఏడు, ఆపైన తొమ్మిది. సరి నెల పనికిరాదు. అదీ మొగుడు స్వయంగా పోయి పిలుచుకుని రావాలి. పిలవకుండా కూతురు తనంతట తానుగా పోయిందంటే పుట్టింటికి తలవంపులు. ఈ ఆనవాయితీని ఎవరు పెట్టారో గానీ ముద్దుకృష్ణ కోసమే పెట్టినట్టు ఉంది. సరి నెల వచ్చిందంటే వాడి మొహం వెలిగిపోయేది. కడుపునిండా తినేవాడు, పని చేస్తూ కూనిరాగాలు తీసేవాడు. బేసి నెల మొదలైందా, మళ్లీ మిషను మీద మొహం వేలాడేసుకుని కూర్చునేవాడు.

మూడో నెల పుష్యమాసమైంది. పుష్యంలో మంచి పనులు చేయరట. ఐదో నెల ఫాల్గుణం. ఉగాది బట్టలతో అంగడి నిండిపోయి ఉంది, అది నిజమే, కానీ ఒక్కరోజు వాడు లేకపోతే మదనపల్లె జనం పాత బట్టలతో పండగ చేసుకుని చచ్చిపోరు. ఏడో నెల వైశాఖం. పెండ్లిళ్ల కాలం. "ఇంతమంది పెండ్లికొడుకులు నన్నే నమ్ముకోనుండారు షరీఫన్నా" అన్నాడు.

"నిన్ను నమ్ముకున్న ఆడమనిషి ఒకామె కుప్పంలో ఉండాది. ఆమె సంగతి ఏందిరా?" అన్నాను.

"పోతాన్నా. పోకుండా యాడికి పోతా?"

ఆ మాటకు అర్థమేమిటో ఇప్పటికీ నాకు తెలియదు. ఆబిదా మా ఇంటికి భోజనానికి పిలిచి వాడికి అన్నం వడ్డిస్తూనే తలంటింది. "ఏం తమ్ముడూ, బిడ్డ నల్లగా ఉండాదా, ఎర్రగా ఉండాదా?" అని అడిగింది. వాడు నోట్లో ముద్ద పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. తెలిస్తే కదా చెప్పడానికి. ముద్ద మింగి "మా అమ్మ పోలిక అంట" అన్నాడు. ఆ రాత్రి నాకు వాడి మీద కోపం కొంచెం తగ్గింది. తెల్లారేసరికి మళ్లీ మామూలే.

ఇంతలో ఆ యేడు అధికమాసం వచ్చింది. మా నెలల్లో ఈ గొడవ లేదు. నెలవంక కనిపిస్తే నెల మొదలు, అంతే. వాళ్లకు మూడేండ్లకోసారి ఒక నెల రెండుసార్లు వస్తుంది. ఆ యేడు జ్యేష్ఠం రెండుసార్లు వచ్చింది, ముందు అధిక జ్యేష్ఠం, తర్వాత అసలు జ్యేష్ఠం. అధికమాసంలో శుభకార్యాలు పెట్టుకోకూడదని ఎవరో పంతులు చెప్పాడు. ఆయన చెప్పింది అంతవరకే. మిగతాదంతా మావాడు సొంతంగా కత్తిరించి కుట్టుకున్నాడు.

బిడ్డకు ఎనిమిదో నెల అధిక జ్యేష్ఠంలో నడిచింది. అసలు జ్యేష్ఠం వచ్చేసరికి తొమ్మిదో నెల. బేసి నెల. ఇక తప్పించుకోవడానికి పండగ లేదు, పెండ్లి లేదు, వాన లేదు. నేను మనసులో సంతోషపడుతూ ఉండగా వాడు మిషను ఆపి, వేళ్ల మీద లెక్కపెట్టి నాతో చెప్పాడు.

"అన్నా, అధికమాసం లెక్కలోకి రాదు. శుభానికి పనికిరాని నెల బిడ్డ వయసుకు మాత్రం ఏల పనికొస్తాది? ఆ నెల తీసేస్తే ఇప్పుడు నడిచేది ఎనిమిదో నెలే. సరి నెల."

"అయితే తొమ్మిదో నెల ఎప్పుడు?"

"ఆషాఢం. ఆషాఢంలో పనికిరాదు. శ్రావణం పదో నెల, అది సరి నెల. భాద్రపదం పదకొండు, బేసే గానీ పెద్దల దినాలు వస్తాయి."

బిడ్డకు పెండ్లి చేసేనాటికైనా పోతావా అని నేను గట్టిగా అరిచాను. అంగట్లో కొలతలు ఇస్తున్న మనిషి భయపడి చేతులు దించేశాడు. ముద్దుకృష్ణ అప్పటికే ఈ లెక్కంతా కార్డు మీద రాసి కుప్పానికి పంపించేశాడట. భార్యకు వాడు తొమ్మిది నెలల్లో రాసిన మొదటి కార్డు అది. అందులో బిడ్డ ఎట్లా ఉందన్న మాట ఒక్కటీ లేదు, నెలల పట్టీ మాత్రం ఉంది.

ఐదోనాడు జవాబు వచ్చింది. సుభద్రమ్మ ఐదో తరగతి దాకా చదివింది, దస్తూరి గుండ్రంగా ఉంటుంది. ముద్దుకృష్ణ చదివి, కార్డును మిషను పెట్టె కింద దాచబోయాడు. నేను లాక్కుని చదివాను.

"అధికమాసంలో పాపకు కింద దవడన రెండు పండ్లు వచ్చినాయి. దోగాడేది కూడా ఆ నెలలోనే నేర్చింది. ఆ నెల లెక్కలోకి రాదంటే ఆ పండ్లు ఎవరివో, ఆ దోగాడేది ఎవరో రాసి పంపించు. నా లెక్కకు ఇది తొమ్మిదో నెల. జ్యేష్ఠం పోయేలోగా నువ్వు వస్తే బిడ్డకు పేరు, నాకు ప్రయాణం. అమావాస్య దాటితే నువ్వు రానక్కరలే. పేరు నేనే పెట్టుకుంటా, నేను ఈడనే ఉంటా."

అమావాస్య పన్నెండు రోజుల్లో ఉంది.

నేను తిట్టడానికి మాటలు కూడగట్టుకున్నాను గానీ, తిట్టలేదు. ఆ మధ్యాహ్నం వాడు ఒక చొక్కాకు కుడిచేయి ఎడమవైపు కుట్టాడు, విప్పి మళ్లీ ఎడమవైపే కుట్టాడు. సాయంత్రం దీపం వెలిగించేముందు తల ఎత్తకుండా అన్నాడు.

"రెండు పండ్లంట అన్నా. నేను సూడనే లేదు."

"పోయి సూడు మరి."

"సోమవారం పోతా."

అది బుధవారం. నేను లేచి అంగడి తలుపులు మూసేశాను. ఇంటికి పోయి ఆబిదాకు చెప్తే, "వాణ్ని ఒంటరిగా పంపితే పుంగనూరులో దిగిపోతాడు. నువ్వు కూడా పో" అన్నది. గురువారం పొద్దున వాడింటికి పోయి, వాడు తల దువ్వుకోవడం కూడా పూర్తికాకముందే బస్సెక్కించాను. మా ఇద్దరి గిరాకీలు ఆ రోజు మూసిన తలుపులు చూసి వెళ్లిపోయుంటారు. వాళ్లకు అలవాటే.

పుంగనూరులో బొగ్గు నింపుకోవడానికి బస్సు ఆగింది. "అక్కను ఒక్కసారి సూసి వస్తా" అంటూ వాడు దిగాడు. ఆబిదా మాట గుర్తొచ్చి నేనూ వెంట దిగాను. పాపక్క పెరట్లో ఆవుకు గడ్డి వేస్తోంది. మమ్మల్ని చూసి గడ్డి అక్కడే వదిలేసి వచ్చింది. వాడు అలవాటు ప్రకారం అరుగు మీద కూర్చోబోయాడు.

"కూసోవద్దు" అన్నది పాపక్క.

వాడు సగం వంగినవాడు అలాగే నిలబడ్డాడు.

"ఆ పొద్దు నేను కూసోమన్నా, తినమన్నా, పండుకోమన్నా. నా నోటితోనే రేపు పోదువులే అన్నా. ఆ మాట నన్ను ఇన్ని నెలలూ నిద్రపోనీలేదురా. మా అమ్మ పేరు పెట్టుకోవాల్సిన బిడ్డ పేరు లేకుండా ఉండాదంటే అది నా పుణ్యమే. కుప్పం పోయి ఆ బిడ్డను సూసేదానికి నాకు కూడా మొగం లేకపాయ. పో. ఈడ నీళ్లు కూడా ఇయ్యను. ఆకలైతే కుప్పంలో తిను."

వాడు అక్క కాళ్లకు దండం పెట్టుకుని బస్సు వైపు నడిచాడు. ఆమె మాటల్లో న్యాయం ఉంది, నేను కాదనను. కానీ పొద్దున్నుంచీ నేను కూడా ఏమీ తినలేదు. ఆ ఇంట్లోంచి జొన్నరొట్టె వాసన వస్తోంది. నేనేం పాపం చేశానో ఎవరూ అడగలేదు.

పలమనేరులో బస్సు మారి కుప్పం చేరేసరికి పొద్దు వాలుతోంది. దారి పొడుగునా ముద్దుకృష్ణ అత్తగారికి ఏం చెప్పాలో వల్లె వేసుకుంటూనే ఉన్నాడు. కాంతమ్మ నోటికి కుప్పంలో పేరుంది. ఆమె వీధిలో నిలబడి మాట్లాడితే రైలు ఈల వినబడదని వాడే నాకు చెప్పేవాడు. తీరా పోతే ఆమె ఏమీ అనలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి, "దయచేయండి. కాళ్లు కడుక్కోండి. ప్రయాణంలో బడలిపోయినట్టుండారు" అన్నది. పెండ్లయినప్పటి నుంచీ నువ్వు అని పిలిచే అల్లుణ్ని మీరు అన్నది. వాడి మొహం పాలిపోయింది. ఆమె నాలుగు తిట్టుంటే బాగుండేదని ఆ తర్వాత నాతో అన్నాడు.

మామ రామప్ప మెత్తని మనిషి, మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టాడు. అప్పుడు సుభద్రమ్మ బిడ్డను చంకనేసుకుని వచ్చింది. బిడ్డ బొద్దుగా ఉంది. నేను గంగులమ్మగారిని చూసినవాణ్ని కనుక చెప్తున్నాను, నుదురు అచ్చం ఆమెదే. ముద్దుకృష్ణ లేచి రెండు చేతులూ చాపాడు. బిడ్డ వాణ్ని ఒక క్షణం చూసింది. తర్వాత కింద దవడన ఉన్న ఆ రెండు పండ్లూ కనిపించేలా నోరు తెరిచి, ఏడుపు అందుకుంది. వాడు ఒకడుగు ముందుకు వేస్తే ఇంకా గట్టిగా ఏడ్చింది. వెనక్కు వేస్తే ఆపింది.

"సూసినావు కదా" అన్నది సుభద్రమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. "ఎవురో కొత్తమనిషి వచ్చినాడని ఏడస్తాండాది. కొత్తమనిషి చేత పేరు పెట్టించను. ఏడవకుండా నీ చేతుల్లోకి వచ్చిన పొద్దు పేరు. అంతవరకూ నువ్వు ఈడనే ఉండు."

"ఈడనా?" అన్నాడు వాడు, కాంతమ్మ వైపు చూసి.

"ఉండండి" అన్నది కాంతమ్మ. "మీ ఇల్లే."

నాకు నవ్వు ఆగలేదు. ఎంతమందినో రేపు రమ్మన్నవాణ్ని, నిండా మూరెడు లేని పిల్ల తిప్పి పంపింది. దానికి కోపం లేదు, పంతం లేదు, పంచాంగం తెలియదు. కాబట్టి దాన్ని బతిమాలడానికి కూడా వీలులేదు. మరునాడు నేను మదనపల్లెకు వచ్చేస్తుంటే వాడు బస్సు దాకా వచ్చాడు. నా భుజం పట్టుకుని నిలబడ్డాడు. పారిపోయి వస్తాడని నాకు అనుమానంగానే ఉంది. వారం రోజులు రోజూ సాయంత్రం బస్సు వచ్చే వేళకు గుమ్మంలోకి వచ్చి చూశాను. రాలేదు.

అమావాస్యకు మూడు రోజులుందనగా రామప్ప మనిషిచేత కబురు పంపాడు. ఎల్లుండి పేరు పెడుతున్నాం, ఆబిదమ్మను కూడా తీసుకుని రావాలని. ఆబిదా పెట్టె సర్దుకుంది. దారిలో పుంగనూరులో పాపక్కను ఎక్కించుకున్నాం. ఈసారి ఆమె మూటలో రొట్టెలు తెచ్చింది, నాకు రెండు ఎక్కువే పెట్టింది.

కుప్పంలో జరిగిందంతా కాంతమ్మే మాకు చెప్పింది. మళ్లీ పాత గొంతు వచ్చేసింది ఆమెకు. మొదటి మూడు రోజులూ అల్లుడు బిడ్డ వెనకాలే తిరిగాడట. చప్పట్లు కొట్టాడట, నోటితో పిల్లికూతలు కూశాడట, తలకు తుండు చుట్టుకుని ఎగిరాడట. "ఇంత వయసొచ్చినాక ఎగిరితే ఏం బాగుంటాదప్పా? నాకే భయమైంది, బిడ్డకు కాదా?" అన్నది. అతను ఎంత పిలిస్తే బిడ్డ అంత గట్టిగా తల్లిని కరుచుకునేది. నాలుగోనాడు చేతులు ఊరుకోలేక, పక్కింటివాళ్ల చేతి మిషను అడిగి తెచ్చుకుని పంచలో కూర్చున్నాడు. ఆ ఇంట్లో చిరిగినవన్నీ కుట్టాడు. కాంతమ్మ రవికలు, రామప్ప సంచులు, దిండు గలీబులు. బిడ్డను పిలవడం మానేశాడు. కూర్చుని పని చేసుకుంటూ ఉంటే, మిషను చప్పుడుకు బిడ్డ గడప దగ్గరికి వచ్చి చూసేది. ఐదోనాడు గడప దాటింది. ఆరోనాడు మిషను చక్రం దాకా వచ్చింది. అతను చక్రం ఆపి, వేలు నలుగుతుందని దాని చేయి తీసి పక్కన పెట్టి, మళ్లీ తన పనిలో పడ్డాడు. ఏడోనాడు మధ్యాహ్నం బిడ్డ వాడి మోకాలు పట్టుకుని లేచి నిలబడింది, మెడలోని కొలత టేపు నోట్లో పెట్టుకుని నమిలింది, అక్కడే ఒడిలోకి ఎక్కి కూర్చుంది.

"కదలకుండా అట్లే కూసోనుండాడమ్మా" అన్నది కాంతమ్మ ఆబిదాతో. "కాళ్లు తిమ్మిరెక్కినా లేవలే. నేను బువ్వకు పిలిస్తే, కండ్లనిండా నీళ్లు." ఆమె నువ్వు అంటోందో మీరు అంటోందో నేను గమనించాను. అల్లుడు వచ్చినప్పుడు, "బిన్నా రాప్పా, పొద్దుపోతాది, నీళ్లు పోసుకుందువు" అన్నది.

పేరు పెట్టేటప్పుడు ఇంట్లో పదిమందే ఉన్నాం. నలభైమంది చుట్టాలను రెండోసారి పిలిచే ధైర్యం రామప్పకు లేకపోయింది. సుభద్రమ్మ బిడ్డను ఒడిలో పెట్టుకుని పీట మీద కూర్చుంది. ముద్దుకృష్ణ పక్కన కూర్చున్నాడు. బిడ్డ వాడి చొక్కా గుండీ పట్టుకుని లాగుతోంది. రామప్ప "ఇంక చెప్పప్పా" అన్నాడు. వాడు తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని, బిడ్డ చెవి దగ్గరకు వంగి చెప్పడం మొదలుపెట్టాడు.

చెప్పాడు, చెప్పాడు, చెబుతూనే ఉన్నాడు. మేమంతా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"గంగులమ్మ అనేదానికి ఇంత పొద్దా?" అన్నది కాంతమ్మ.

"పేరు ఇంకా మొదలే పెట్టలేదమ్మా" అన్నది సుభద్రమ్మ. బిడ్డ తల ఆమె గుండెకు ఆనుకుని ఉంది కనుక, వాడు చెప్పేదంతా ఆమెకు వినిపించింది. ఆమె మొహం ఎర్రబడింది. వాడి వైపు తిరిగి, "బిడ్డకేం తెలుస్తాది? నాకు చెప్పు. ఈ మాట నాకు చెప్పాల్సింది. అందరూ వినేట్టు చెప్పు" అన్నది.

వాడు తల ఎత్తి ఆమెను చూశాడు, కాంతమ్మను చూశాడు, నన్ను చూశాడు. నోరు తెరిచాడు, మూశాడు. నాకు ఆ మొహం బాగా తెలుసు. తర్వాత చెప్తాలే అనబోతున్నాడని నాకు అర్థమైంది. ఆ మాట అంటే ఈసారి సుభద్రమ్మ బిడ్డను తీసుకుని లోపలికి వెళ్లిపోతుంది, మళ్లీ బయటికి రాదు. నేను లేవబోయాను. ఆబిదా నా చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

"సుభద్రా" అన్నాడు వాడు.

పెద్దల ముందర పెండ్లాన్ని పేరు పెట్టి పిలవడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. రామప్ప గోడవైపు చూశాడు.

"ఆ పొద్దు నిలిచిపోయింది బస్సే. మరుసటి పొద్దు నుంచీ నిలిచిపోయింది నేను. పుష్యం, ఉగాది, పెండ్లిండ్లు, అధికమాసం, అన్నీ నేను చెప్పిన సాకులే. నీ మొగం సూసేదానికి భయమైంది. దినాలు పోయేకొద్దీ ఇంకా భయమైంది. నువ్వు ఒక్కదానివే కనినావు, ఒక్కదానివే సాకినావు. బిడ్డ నన్ను సూసి ఏడ్చిందంటే అది నేను చేసుకున్నదే. తప్పు నాది. మన్నించు."

ఒక్క మాట కూడా మింగకుండా చెప్పాడు. పన్నెండేండ్లలో వాడు అంతసేపు ఆగకుండా మాట్లాడగా నేను వినలేదు. పాపక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాంతమ్మ ముక్కు చీదింది. నా కండ్లు కూడా తడిశాయి, ఇందులో దాచుకోవడానికేమీ లేదు.

సుభద్రమ్మ ఏడ్చింది. అన్ని నెలలూ ఏడవని మనిషి, అందరి ముందరా తలవంచుకోకుండా ఏడ్చింది. "ఇంత మాట చెప్పేదానికి తొమ్మిది నెలలు పట్టినాదా?" అన్నది.

"పట్టినాది" అన్నాడు వాడు.

ఆమె చెంగుతో మొహం తుడుచుకుని, బిడ్డను ఎత్తి వాడి చేతుల్లో పెట్టింది. వాడు తుండుగుడ్డ పక్కన పడేసి, వంగి, చెవిలో పేరు చెప్పాడు. చెవిలో చెప్పవలసింది మూడుసార్లూ వీధిలోకి వినిపించింది. గంగులమ్మ ఏడవలేదు.